ఇల్లిచ్చి ఇల్లు పుచ్చుకోవడం

దోహా, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్
ఫిబ్రవరి 16

వదిన గారికి మాలతి నమస్కారాలు.

ఫోన్లో చెబుదామంటే మీ తమ్ముడు స్పీకర్ పెట్టి, మధ్యలో దూరి, మొత్తం తానే మాట్లాడేస్తారు. అందుకని మన పద్ధతే మేలు. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. తెలుగు లెక్చరర్ గారు మీరు, నా రాత మీద ఎర్ర సిరా పెట్టరని ఆశ.

మొన్న శుక్రవారం వెస్ట్ బేలో ఒక హోటల్లో హైదరాబాద్ బిల్డర్లు స్టాళ్ళు పెట్టారు. టీ, సమోసాలు ఊరికే ఇస్తున్నారని వెళ్ళాం. విల్లా కొనుక్కుని వచ్చాం. నవ్వకండి, అక్షరాలా అలాగే జరిగింది. శంకర్‌పల్లి రోడ్డులో కొత్తగా కడుతున్నారు. రెండంతస్తులు, ముందు చిన్న గార్డెన్, కారు నిలపడానికి చోటు.

మీకు డబ్బెక్కడిదర్రా అంటారని తెలుసు. వాళ్ళ దగ్గర ఎక్స్ఛేంజ్ అని ఒక పద్ధతి ఉంది. మన నిజాంపేట ఫ్లాట్ వాళ్ళకి ఇచ్చేస్తే, దాని విలువ కట్టి విల్లా ధరలోంచి తీసేస్తారు. మిగతాది వాయిదాల్లో కట్టుకోవచ్చు. కొనేవాణ్ణి వెతుక్కోవడం, బ్రోకర్ల చుట్టూ తిరగడం ఏమీ ఉండదు. పాత చీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకోవడం మీకూ నాకూ కొత్తేమీ కాదు కదా.

మేం సెలవు పెట్టి రాలేం కాబట్టి మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ పంపుతాం. మీ తమ్ముడి బదులు సంతకాలు మీరే పెట్టాలి. ముందు వాళ్ళ మనిషి వచ్చి ఫ్లాట్ చూసి ధర కడతాడు. కాస్త దగ్గరుండి చూపించండి.

మే నెలాఖరుకి ఖాళీ చేసి తాళాలిచ్చెయ్యాలి. విల్లా దీపావళికి చేతికొస్తుందట. మధ్యలో ఆ కొద్ది నెలలూ మీ కాలేజీ స్నేహితురాళ్ళెవరింట్లోనైనా సర్దుకోండి వదినా. తర్వాత విల్లాలో మీ గది మీకు సిద్ధం. కింద, వంటింటి పక్కనే, బాత్రూమ్‌తో సహా. మీ మోకాళ్ళకి మెట్ల బాధ లేకుండా నేనే ఎంచిపెట్టాను.

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ మార్చి చూడమని ఎవరూ అనలేదు. చూద్దాం.

మీ
మాలతి


నిజాంపేట, హైదరాబాద్
మార్చి 9

చి.ల.సౌ. మాలతికి వదిన ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. తప్పులు మూడే ఉన్నాయి. పాస్ చేశాను.

బిల్డర్ మనిషి మంగళవారం వచ్చాడు. చెప్పులు విప్పకుండానే ఇల్లంతా తిరిగాడు. గోడలు తట్టాడు, కుళాయిలు తిప్పాడు, బాల్కనీలో నిలబడి ఎదురు అపార్ట్‌మెంట్ కేసి చూసి పెదవి విరిచాడు. వెనక గదిలో చెమ్మ ఉందని తగ్గించాడు. లిఫ్ట్ పాతదని తగ్గించాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. అతను పంపిన అంకె సుధాకరానికి ఫార్వర్డ్ చేశాను. వాడు సరే అన్నాడు. నేను మరో రెండు చోట్ల వాకబు చేసి చెబుతానన్నాను గానీ, "టైమ్ లేదక్కా" అన్నాడు. అంత తొందరేమిటో నాకు తెలియలేదు.

మాలతీ, ఒక మాట చెబుతాను. ఒక్కసారే చెబుతాను, మళ్ళీ ఎత్తను. పదకొండేళ్ళ కిందట మీరు దోహా వెళ్తూ, "ఇంటికి తాళం పెడితే చెదలు పడతాయి, వదిన ఉంటే పూటపూటా దీపం పెడుతుంది" అన్నారు. నేనూ అదే మాట అందరికీ చెప్పుకున్నాను. తమ్ముడి ఇంటికి కాపలా ఉన్నానని. కాపలా మనిషి ఇల్లు వదలమంటే వదలాలి, అందులో న్యాయం తప్పేమీ లేదు. కానీ నాకు వేరే ఇల్లు లేదు. ఉన్నది ఇదే. ఇందులోంచి వెళ్ళాలంటే నాకు చాలా కష్టంగా ఉంది.

చెప్పేశాను. ఇక సంతకాల సంగతి. కాగితాలు పంపండి. వచ్చే నెలలో ఒక ఆదివారం వెళ్ళి విల్లా కూడా చూసి వస్తాను.

వదిన


దోహా, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్
మార్చి 23

వదినకి,

మీ ఉత్తరం చదివి మీ తమ్ముడికి ఇచ్చాను. చదివి మడత పెట్టి, "అక్క ఎప్పుడూ ఇంతే, ముందు బెంగ పడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కొత్త ఇంట్లో రెండు నెలలు గడిస్తే నిజాంపేట గుర్తు కూడా రాదు, చూడండి. అక్కడ వాకింగ్‌కి దారి ఉంది, గుడి కూడా కడతారట.

ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీకి ముద్ర వేయించాం. కొరియర్ ఎందుకని మా ఆఫీసు డ్రైవర్ అంజి చేతికిచ్చాను. సెలవు మీద జగిత్యాల వెళ్తూ హైదరాబాద్‌లో దిగి మీకు ఇచ్చి వెళ్తాడు. "మీ కాయిదం నా పానం లెక్క పట్కపోత మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. దాంతో పాటు ఒక డబ్బా ఖర్జూరాలు, మీ మోకాళ్ళకి నూనె పంపాను. అతనికి అన్నం పెట్టి పంపండి.

రంజాన్ కదా, ఆఫీసులు తొందరగా వదిలేస్తున్నారు. మీ తమ్ముడు మధ్యాహ్నానికే ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంటున్నారు. విల్లా బొమ్మలు ఫోన్లో పెద్దవి చేసి చూసుకుంటారు. మా పక్క పోర్షన్ హబీబున్నీసా ఆంటీ రోజూ సాయంత్రం పకోడీలో హలీమో పంపిస్తున్నారు. "మాకు ఉపవాసం లేదు ఆంటీ" అంటే, "తో క్యా హువా, భూక్ తో హై నా" అంటారు. ఆకలి ఉంది కదా, చాలదా అని. రెండు కుటుంబాల మధ్య ఉన్నది ఒక్క జిప్సమ్ చెక్క గోడ. ఆవిడ మిక్సీ వేస్తే మా గోడ మీద కేలెండర్ వణుకుతుంది.

విల్లా చూసి నచ్చిందో లేదో వెంటనే రాయండి. ముఖ్యంగా మీ గది.

మాలతి


నిజాంపేట
ఏప్రిల్ 14

శ్రీమతి మాలతికి,

అంజి వచ్చి కాగితాలు, ఖర్జూరాలు, నూనె ఇచ్చాడు. గోంగూర పప్పుతో అన్నం తిని వెళ్ళాడు.

నిన్న విల్లా చూశాను. ఇంకా గోడల దగ్గరే ఉంది. బిల్డర్ తరఫున నితీష్ అని ఒక కుర్రవాడు హెల్మెట్ పెట్టి తిప్పి చూపించాడు. మర్యాదస్తుడు. హాలు పెద్దది. పైన మూడు పడకగదులు, ఒకటి మీకు, ఒకటి మీ పిల్ల తన్మయికి, ఒకటి అతిథులకి. కింద వంటిల్లు బాగుంది. వంటింటి పక్కన బట్టలుతుక్కునే చోటు. అందులోంచి ఇంకో తలుపు.

"ఇదేమిటి బాబూ?" అన్నాను.

"మెయిడ్ రూమ్ మేడం. చాలామంది స్టోర్ కింద కూడా వాడుకుంటారు."

"ఇంటాయన అక్కగారు ఉండటానికి వీలవుతుందా?"

అతను గదిలోకీ, నాకేసీ చూశాడు. "ఆవిడకి పైన గెస్ట్ రూమ్ బాగుంటుంది కదా మేడం" అన్నాడు.

పాతికేళ్ళ పిల్లవాడికి ఒక్క చూపుకి తట్టింది.

ఆ గదికి కిటికీ లేదు, పైన ఒక గాలి కంత ఉంది. తలుపు ఇంట్లోకి కాదు, బట్టలుతికే చోటులోకి తెరుచుకుంటుంది. రాత్రి వంటింటికి తాళం వేస్తే ఆ గదిలో మనిషి ఇంటికి బయటే. నువ్వు ప్లాను చూసే ఎంచావు కాబట్టి ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నేను కోపంతో రాయడం లేదు. అద్దె కట్టని మనిషి గది నచ్చలేదనడం బాగుండదు. సంతకాలు అనుకున్నట్టే పెడతాను. ఇల్లు అనుకున్న రోజుకి ఖాళీ చేస్తాను. కానీ ఆ గది నా పేరున పెట్టకండి. నా ఏర్పాటు నేను చూసుకుంటాను.

కె. సుబ్బలక్ష్మి


దోహా, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్
మే 18

వదిన గారికి,

మీ ఉత్తరం కింద ఇంటిపేరుతో సంతకం చూసి నాకు ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. నెల రోజులు రాయకుండా ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

పదకొండేళ్ళు మీరు మా ఇంట్లో ఉన్నారు. ఒక్క రూపాయి అద్దె అడగలేదు. అడగాలని అనుకోలేదు కూడా. ఆ ఫ్లాట్ అద్దెకిచ్చి ఉంటే తన్మయి బెంగుళూరు కాలేజీ ఫీజు దాంట్లోనే వెళ్ళిపోయేది. ఏనాడైనా ఆ మాట అన్నామా? ఇవాళ ఒక్క గది నచ్చకపోతే నన్ను శ్రీమతిని చేశారు. మెయిడ్ రూమ్ అన్నది బిల్డర్ పెట్టుకున్న పేరు. మనం ఏం పేరు పెట్టుకుంటే అదే. ఇక్కడ అందరూ ఆ గదుల్లో ఊర్నుంచి వచ్చిన చుట్టాల్ని పడుకోబెడతారు. ఎవరూ నొచ్చుకోరు.

మా కష్టాలు మాకూ ఉన్నాయి. మొన్న ఇంటి ఓనర్ మనిషి మక్బూల్ వచ్చాడు. విల్లాని చెక్క గోడలతో ముక్కలు చేసి అద్దెకివ్వకూడదని రూలు, బలదియా వాళ్ళు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్ళు, చెకింగ్‌కి వస్తున్నారట. "మేడం, పార్టీషన్ మాఫీ. ఇస్ మహీనే మే ఖాలీ కరో, యల్లా" అన్నాడు. పార్టీషన్లు ఇక కుదరవు, వెంటనే ఖాళీ చెయ్యండి అని. ఈ నెలలోనే! చిన్నపిల్లతో వచ్చి ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇల్లు. వంటింటి టైల్స్ మా డబ్బుతో వేయించుకున్నాం. ఓనర్ ఒక్కసారైనా మా ముఖం చూసి చెప్పలేదు. ఎవరినో పంపించి చెప్పించాడు. మనుషులన్నాక ఒక గౌరవం ఉండొద్దా? హబీబున్నీసా ఆంటీ అయితే గుమ్మంలో కూర్చుని, "చూల్హా కిధర్ లే జావుఁ బేటా" అని ఒకటే ఏడుపు. పొయ్యి ఎక్కడికి తీసుకుపోను అని. వాళ్ళాయన హమీదుద్దీన్ అంకుల్ ఆవిడకి మంచినీళ్ళిచ్చి పక్కనే నిలబడ్డారు.

ఇళ్ళు వెతకడానికి తిరుగుతున్నాం. బయట ఎండ చంపేస్తోంది. ఇక్కడ అద్దెలు మా జీతాలకి అందేలా లేవు.

రిజిస్ట్రేషన్ తేదీ నెలాఖరున పడిందట. దయచేసి దాన్ని మాత్రం వాయిదా వెయ్యకండి.

మాలతి


కూకట్‌పల్లి
జూన్ 2

మాలతికి,

శుక్రవారం రిజిస్ట్రేషన్ అయింది. శనివారం ఫ్లాట్ ఖాళీ చేసి తాళాలు నితీష్ చేతికిచ్చాను. మీ సామాను, తన్మయి పుస్తకాల పెట్టెతో సహా, బిల్డర్ గోడౌన్‌లో పెట్టించాను. రసీదు సుధాకరానికి పంపాను. దేవుడి పటాలు నా దగ్గర ఉన్నాయి.

నేను మా కెమిస్ట్రీ మేడమ్ ఇంట్లో పై గది తీసుకున్నాను. కాలేజీకి దగ్గరే.

అద్దె సంగతి రాశావు. నువ్వన్నది నిజమే. నేను ఏనాడూ మరిచిపోలేదు.

మీ ఇంటి సంగతి చదివాను. మక్బూల్ చేత కాకుండా ఓనర్ తానే వచ్చి చెప్పి ఉండాల్సిందన్నావు. నాకూ అదే అనిపించింది.

సుబ్బలక్ష్మి


దోహా, అల్ ఘర్రాఫా
ఆగస్టు 21

వదినా,

మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు మళ్ళీ మళ్ళీ చదివాను. నేను రాసిందే మీరు నాకు చదివి వినిపించినట్టయింది. అప్పటినుంచి మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. ఇది పూర్తి చేస్తాను.

ఇల్లు దొరికింది. అల్ ఘర్రాఫాలో ఒక పెద్ద విల్లా, ఖతారీ వాళ్ళది. దాని వెనక ప్రహరీకి ఆనుకుని ఒక గది, బాత్రూమ్, స్టవ్ పెట్టుకోవడానికి ఒక అరుగు. మక్బూలే చూసిపెట్టాడు, పాపం. తాళం తీస్తూ, "పహలే ఇధర్ దో ఖద్దామా రహతే థే మేడం" అన్నాడు. ఖద్దామా అంటే పనిమనిషి. ఇద్దరు పనివాళ్ళు ఉండేవారట ఇందులో.

మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. మీ తమ్ముడు ఒక పక్కకి తిరిగి లోపలికి రావాలి. కిటికీ ఉంది గానీ తెరిస్తే ఎదురుగా ఏసీ వెనక భాగం, వేడిగాలి మొహాన కొడుతుంది. పెద్ద విల్లాలో పెళ్ళి జరిగితే వాళ్ళ బంధువుల పిల్లలు మా తలుపు తోసి చూసి, మమ్మల్ని చూసి వెళ్ళిపోయారు. ఎవరో పనివాళ్ళనుకుని ఉంటారు.

వదినా, ప్లానులో ఆ గది పేరు నేను చదివాను. తెలియక ఎంచలేదు. చుట్టాల్ని పడుకోబెట్టే గదే కదా అనుకున్నాను. మీరు మాకు చుట్టం కాదు, ఇంటి మనిషన్న సంగతి తట్టలేదు. అద్దె మాట కూడా అనకుండా ఉండాల్సింది. సిగ్గుగా ఉంది, ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

ఇంకొకటి. మీ తమ్ముడు చెప్పొద్దన్నారు గానీ చెబుతున్నాను. వాళ్ళ కంపెనీలో ప్రాజెక్టు అయిపోయింది. ఉద్యోగం డిసెంబరు వరకే. ఆ హోటల్‌కి వెళ్ళేనాటికే మాకు తెలుసు. సమోసాల కోసం వెళ్ళలేదు. తిరిగి వచ్చేసరికి చెప్పుకోదగ్గ ఇల్లు ఉండాలని ఆయన పట్టు. రంజాన్ అయిపోయాక కూడా మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉన్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా నిన్న బిల్డర్ నుంచి మెయిల్ వచ్చింది. అనుమతులేవో ఆలస్యమయ్యాయి, విల్లా వచ్చే ఏడాది దసరాకి ఇస్తామని. జనవరిలో మా వీసా రద్దవుతుంది. రావాలి. ఎక్కడికి రావాలో తెలియడం లేదు. పాత ఇల్లిచ్చేశాం, కొత్త ఇల్లింకా లేదు. అద్దెకి చూసుకుంటాంలెండి, మిమ్మల్ని వెతికిపెట్టమని అడిగే ముఖం లేదు.

మీరు ఎలా ఉన్నారో మాత్రం రాయండి. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మీ
మాలతి


నిజాంపేట
అక్టోబరు 12

చి.ల.సౌ. మాలతికి వదిన ఆశీస్సులు.

పైన ఊరి పేరు చూసి పొరపాటనుకోకు. నిజాంపేటలోనే ఉన్నాను, అదే ఫ్లాట్‌లో. మొదటినుంచీ చెబుతాను.

తాళాలు ఇచ్చిన రోజున నితీష్‌ని అడిగాను. "ఈ ఫ్లాట్‌ని ఇప్పుడు మీరేం చేస్తారు?"

"రంగులేయించి అమ్మేస్తాం మేడం. ఎక్స్ఛేంజ్‌లో వచ్చినవన్నీ అంతే."

"రంగులు వెయ్యొద్దు. నేను కొంటాను."

అతను నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు. హాస్యమాడే తీరిక నాకెక్కడిది? ఇంకా అయిదేళ్ళ సర్వీసు ఉంది కాబట్టి బ్యాంకు లోను ఇచ్చింది. మిగతాది నా పీఎఫ్, నేను దాచుకున్నది. నువ్వు అద్దె సంగతి ఎత్తావు చూడు, ఆ దాచుకున్న డబ్బంతా అదే. మీరు పదకొండేళ్ళు అద్దె అడగకపోబట్టే అది నా దగ్గర ఉంది. కాబట్టి సిగ్గుపడటం ఇక ఆపు. ఈ ఇంటి గోడల్లో సగం మీరు ఇచ్చినవే, అది నేను ఎక్కడైనా చెబుతాను.

పోయిన నెల నా పేరున రిజిస్టరైంది. బిల్డర్ మీకు కట్టిన ధర కంటే ఎక్కువే తీసుకున్నాడు. ఎంత ఎక్కువో నాకంటే ఎవరికీ బాగా తెలియదు. మేలో మీ తరఫున తక్కువకి అమ్మిన సంతకం నాదే, సెప్టెంబరులో ఎక్కువకి కొన్న సంతకమూ నాదే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా రెండు దస్తావేజులూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. నేనూ అతన్ని చూశాను.

సుధాకరానికి నిన్న ఫోన్లో చెప్పాను. నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "ముందే అడిగితే మనలో మనమే అయిపోయేది కదక్కా, మధ్యలో వాడికెందుకు లాభం" అన్నాడు. అడిగి ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసు. అక్క దగ్గర డబ్బేమిటని తీసుకునేవాడు కాదు. తీసుకోకపోతే విల్లాకి మీకు చాలేది కాదు. చివరికి అమ్మేవాడు కాదు, ఇచ్చేవాడు కాదు, నేను మళ్ళీ కాపలా మనిషినే. బిల్డర్‌కి నేనెవరో అక్కర్లేదు. డబ్బు తీసుకుని తాళాలు చేతిలో పెట్టాడు. నష్టం సంగతి మీ తమ్ముడు లెక్కలు వేసుకోనీ.

తలుపు మీద నా పేరు వేయించాను. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు మొన్నటిదాకా "సుధాకర్ సార్ ఇల్లు" అనేవాడు. నిన్న నా పేరు గట్టిగా చదివాడు. మాలతీ, నేను లోపలికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషమే.

ఇప్పుడు మీ సంగతి. అద్దె ఇల్లూ వద్దు, గిల్లూ వద్దు. డిసెంబరులో సరాసరి ఇక్కడికి రండి. తన్మయి సెలవులకి కూడా ఇక్కడికే వస్తుంది. మీ సామాను గోడౌన్ నుంచి తెప్పించాను. పాత ఉత్తరాల తాలూకు మాటలు నా దగ్గర ఏమీ మిగల్లేదు, నీ దగ్గర ఉంటే అక్కడే పారేసి రా.

ఒక్క విషయం ముందే చెబుతున్నాను, వచ్చాక ఇబ్బంది పడొద్దు. మీరు వెళ్ళిన రోజునుంచి పెద్ద పడకగది మీదని తాళం వేసి ఉంచాను. వారానికోసారి తీసి తుడిచి మళ్ళీ వేసేదాన్ని. ఇన్నేళ్ళూ వెనక గదిలో, ఆ చెమ్మ గోడ పక్కనే పడుకున్నాను. ఇప్పుడు పెద్ద గదిలో నేనుంటున్నాను. తూర్పు కిటికీ లోంచి పొద్దున్నే ఎండ పడుతుంది, నాకు చాలా బాగుంది, ఆ గది ఎవరికీ ఇవ్వను. వెనక గదికి చెమ్మ బాగు చేయించి సున్నం వేయించాను. అది మీకు.

ఎన్నాళ్ళుంటారని నేను అడగను. మీరూ చెప్పక్కర్లేదు.

నీ
వదిన